కలగాపులగంలో పులగం ఎవరిది?

బెజవాడ_ప్రూఫు
"ఫరాగో" అన్న ఇంగ్లీషు మాటకు తెలుగు కావాలి. 2017 మేలో శశి థరూర్ ట్వీట్ పుణ్యమా అని ఈ మాట మన దాకా వచ్చింది. అప్పట్నుంచి అనువాదాల్లో ఒకరు "గందరగోళం" అంటారు, ఇంకొకరు "అబద్ధాల పుట్ట" అంటారు. లాటిన్‌లో అది పశువుల కోసం కలిపి చల్లే మేత పైరు. గింజల మాట కాస్తా తిట్టు మాటైంది. మనకూ అచ్చం అలాంటిదే ఉంది కదా, కలగాపులగం. కానీ అందులో పులగం వంటా, ధాన్యమా? ముందున్న "కలగా" ఎక్కడిది? ఇది తేలకుండా వాడితే, మేతకు బదులు అన్నం వడ్డించినట్టు అవుతుందేమోనని అనుమానం.
ఇంకో బాధ. టీవీ కింద పరిగెత్తే అక్షరాల్లో ఈమధ్య "కలగాపులకం" అని వేస్తున్నారు. అందులో పులకరించేదేముందో!

గోంగూర_గుంటూరు
పులగంలోకి గోంగూర పడితే పులకరింతే. వాళ్ళు రాసింది కరెక్టే.

నిఘంటువు_పురుగు
పులగం వంటే. బియ్యం, పెసరపప్పు కలిపి వండిన అన్నం. ఆ మాట పుట్టుక మీద మాత్రం రెండు దారులున్నాయి.
ఒకటి సంస్కృతం "పులాకం". అమరకోశం నానార్థవర్గంలో దీనికి మూడు అర్థాలు ఇచ్చారు: తాలు గింజ, సంక్షేపం, అన్నం మెతుకు. స్థాలీపులాక న్యాయం అంటామే, కుండలో ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందని, అందులో ఉన్నది ఈ పులాకమే. నడిమి దీర్ఘం పోయి, "క" కాస్తా "గ" అయితే పులగం. పతాక పడగ అయినట్టే.
రెండోది ద్రావిడం. తమిళంలో పుఴుక్కు అంటే ఉడకబెట్టడం, పుఴుంగల్ అరిసి అంటే ఉప్పుడు బియ్యం. మలయాళంలో పుఴుక్కు అంటే దుంపలు ఉడికించి చేసే కూర. అర్థం చూస్తే ఇదే దగ్గర.

కొత్తపేట_వ్యాకరణం
రెండో దారి మూసెయ్యండి. తమిళ "ఴ" తెలుగులో మాట నడుమ "డ" అవుతుంది: కోఴి కోడి, ఏఴు ఏడు, చోఴ చోడ. పాత తెలుగు శాసనాల్లో ఆ అక్షరం మనకూ ఉండేది, తర్వాత డకారంలో కలిసిపోయింది. ఆ లెక్కన పుఴుక్కు పుడుకో, పుడుగో కావాలి. "ల" ఎక్కడి నుంచి వస్తుంది?

నిఘంటువు_పురుగు
పుఴు పురుగైంది కదా, పుడుగు కాలేదు. నా పేరులోనే ఉంది సాక్ష్యం.

కొత్తపేట_వ్యాకరణం
అక్కడా "ర" వచ్చింది గానీ "ల" రాలేదు. సాక్ష్యం నా వైపే తిరిగింది.

బెజవాడ_ప్రూఫు
పులావు కూడా పులాకం నుంచేనా?

నిఘంటువు_పురుగు
పులావు మనకు ఫారసీ మీదుగా వచ్చింది. దాని వెనక పులాకం ఉందనేవాళ్ళూ ఉన్నారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ దాని జోలికి పోతే మనదీ కలగాపులగం అవుతుంది.

తెనాలి_మినుము
మాట సంగతి మీరు చూసుకోండి, పైరు సంగతి నేను చెబుతా. ఫరాగోలో ఉండేది బార్లీ, దాంతోపాటు అల్లుకునే పప్పుజాతి తీగ. తాలు గింజలు, చెత్త విత్తనం కూడా దట్టంగా చల్లేవాళ్ళు, గింజ కట్టకముందే పచ్చిగా కోసేవాళ్ళు. గింజ కోసం వేసే పైరే కాదు. రోమన్ పండితుడు వర్రో దీనికి రెండు వ్యుత్పత్తులు చెప్పాడు: ఇనుముతో, అంటే కొడవలితో కోసేది కాబట్టి ఒకటి, "ఫార్" అనే పొట్టుగోధుమ వేసిన చేలో మొదట చల్లారు కాబట్టి ఇంకొకటి. రెండోది నిలబడింది. పుస్తకానికి ఆ మాట అంటించింది జువెనల్ అనే వ్యంగ్య కవి, తన పుస్తకంలో ఉన్నదంతా మనుషుల ఆశల, భయాల, కోపాల ఫరాగో అన్నాడు. అక్కడ అది తిట్టు కూడా కాదు, అన్నీ ఉన్నాయని చెప్పుకోవడం.
మన వైపు దీనికి సరిజోడు జొన్న, బొబ్బర కలిపి చల్లే పచ్చిమేత. రెండు వంతులు జొన్న, ఒక వంతు బొబ్బర. బొబ్బర ఎక్కువైతే తీగ జొన్న మెడకు చుట్టుకుని మొత్తం పడిపోతుంది, కోత నరకం. తక్కువైతే మేతలో మాంసకృత్తులు చాలవు. పూతకు వచ్చినప్పుడు కొయ్యాలి. లేత జొన్నను, అందులోనూ ఎండకు వాడిపోయిన లేత జొన్నను పశువుకు వేస్తే సైనైడు విషం తగులుతుంది, గంటలో పడిపోతుంది. బొబ్బర కలిసింది కదా అని ఆ విషం తగ్గదు, ఇది చాలామంది పొరబడే చోటు.

పటమట_పిండిమర
ఇంగ్లీషులో కలిపిన ధాన్యానికి ఇంకో పాత మాట "మాస్లిన్". గోధుమ, రై (గోధుమ లాంటి చలిదేశాల గింజ) ఒకే చేలో కలిపి చల్లి, కలిపే కోసి, కలిపే విసిరేవాళ్ళు. లాటిన్‌లో "కలిసినది" అనే మాట నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఫ్రెంచిలో ఇప్పటికీ "మెతేయ్" అంటారు. మన మిశ్రమానికి, ఉత్తరాది మిస్సీ రొట్టెకూ దూరపు చుట్టమే.
ఆన్‌లైన్‌లో "మాస్లిన్ పాన్" అని జామ్ కాచే గిన్నె అమ్ముతారు. అది వేరే మాస్లిన్. పాత ఇంగ్లీషులో ఇత్తడి లాంటి లోహం పేరు. ధాన్యంతో సంబంధం లేదు. రెండూ ఒకటేనని రాసే వంటల సైట్లు బోలెడు.

కృష్ణలంక_కుంచం
హిందీ వాళ్ళు ఈ విషయంలో మనకంటే శ్రద్ధగా పేర్లు పెట్టారు. గోధుమ, యవలు (బార్లీ) కలిస్తే గోజయీ. గోధుమ, శనగ కలిస్తే గోచనీ. యవలు, శనగ కలిస్తే బేఝర్. చేను చూసి పేరు చెప్పొచ్చు. ఇథియోపియా ఉత్తరాన తిగ్రాయ్‌లో గోధుమ, బార్లీ కలిపి వేసే పంటకు "హన్‌ఫెట్స్" అని ప్రత్యేకంగా పేరుంది, ఇప్పటికీ వేస్తారు. మనకు అలాంటి పేరు ఒక్కటీ లేదు. కలగూర ఉంది, కలగంజి ఉంది, కలధాన్యం లేదు. ఎందుకంటారు?

తెనాలి_మినుము
మనం చేలో కలపం కాబట్టి. పక్కపక్కన వేస్తాం, అంతే. జొన్న, కంది తీసుకోండి: రెండు సాళ్ళు జొన్న, ఒక సాలు కంది. విత్తే గొర్రు మీద గింజలు పోసే గిన్నె, అదే జడ్డిగం, అందులో జొన్న పోసి విత్తుతుంటే, వెనకాల వేరే వెదురు గొట్టం కట్టి కంది వదులుతారు. జొన్న 110 రోజుల్లో కోతకొస్తుంది, కంది నిలబడే ఉంటుంది, ఇంకో రెండు నెలలకు కోస్తారు. రెండు గింజలూ కళ్ళంలో కలిసే అవకాశమే లేదు. కలిసిన గింజ లేనప్పుడు దానికి పేరెందుకు పుడుతుంది? గోధుమ, రై దాదాపు ఒకేసారి పండుతాయి, అందుకే అక్కడ పుట్టింది.
వాళ్ళు కలిపింది కూడా రుచి కోసం కాదు. చలి, తేమ ఎక్కువైతే గోధుమ దెబ్బతింటుంది, రై బతుకుతుంది. బాగున్న ఏడు గోధుమ పాలు ఎక్కువ, చెడ్డ ఏడు రై పాలు ఎక్కువ. అందుకే మాస్లిన్‌కి ఇంత వంతుకు ఇంత అన్న కొలత ఉండదు, ప్రతి ఏడూ పొలమే తేలుస్తుంది.

కొత్తపేట_వ్యాకరణం
అదే అసలు సంగతి. వాళ్ళు చేలో కలిపారు, చేను మాట తిట్టైంది. మనం పొయ్యి మీద కలిపాం, వంట మాట తిట్టైంది. పైన అడిగినదానికి జవాబు వచ్చేసినట్టే.

గోంగూర_గుంటూరు
కలగూరగంప కూడా అంతేగా. నాలుగు రకాల ఆకుకూరలు ఒకే గంపలో. అదీ వంటింటి గుమ్మం దగ్గరిదే.

లాం_రోడ్డు
ఆగండాగండి. "మనం చేలో కలపం" అంటే ఒప్పుకోను. పీఎండీఎస్, అంటే వానలకు ముందే పొడి నేలలో విత్తే నవధాన్యాల సాగు సంగతేంటి? ఏపీ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యంలో తొలకరికి ముందు, ఏప్రిల్, మే నెలల్లో, జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, బొబ్బర, ఉలవ, నువ్వు, ఆముదం, ధనియాలు, గోంగూర అన్నీ కలిపి ఎకరాకు పది పన్నెండు కిలోలు చల్లిస్తున్నారు. పేరు నవధాన్యాలు, లోపల ఇరవై రకాలు.
ఇందులో చెడేది ఒకే చోట. సంచిలో కలిపి బండి మీద తీసుకెళ్తే దారిలో కుదుపులకి నువ్వు, కొర్ర అడుక్కి దిగిపోతాయి, శనగ, కంది పైకి తేలతాయి. చేలో మొదటి సగం అంతా కంది, చివరి సగం అంతా నువ్వు. పద్ధతి ఏంటంటే, లావు గింజలు విడిగా చల్లాలి, సన్న గింజలకు నాలుగు రెట్లు పొడి ఇసుక కలిపి రెండోసారి అడ్డంగా చల్లాలి. లేదా బంకమట్టి, ఘనజీవామృతం (పేడతో చేసే ఎరువు), బూడిద పట్టించి గుళికలు చెయ్యాలి. ముందు గింజల్ని బీజామృతంతో (పేడ, గోమూత్రం కలిపిన విత్తనశుద్ధి ద్రావణం) తడపాలి, లేకపోతే మట్టి అంటుకోదు. గుళికలు నీడలో ఆరాలి, ఎండలో పెడితే పెంకు పగిలి గింజ బయటపడుతుంది, చీమలు ఎత్తుకుపోతాయి. వానకి పెంకు కరిగి మొలకొస్తుంది.

తెనాలి_మినుము
అది గింజ కోసం వేసింది కాదుగా. 50, 60 రోజులకు నేలలో కలిపి దున్నేదో, పశువుకు కోసి వేసేదో. నేను చెప్పిన ఫరాగోకి అచ్చు నకలు, మాస్లిన్‌కి కాదు. మీరు నా మాటకే బలం పోశారు.

లాం_రోడ్డు
సరే, మాస్లిన్ కాదు. ఫరాగోనే. కానీ చేలో కలిపామా లేదా?

తెనాలి_మినుము
కలిపారు మహానుభావా.

కృష్ణలంక_కుంచం
నవధాన్యాలు అనే మాటలో ఇంకో తిరకాసు. అసలు లెక్క గ్రహాలది: సూర్యుడికి గోధుమలు, చంద్రుడికి బియ్యం, కుజుడికి కందులు, బుధుడికి పెసలు, గురువుకి శనగలు, శుక్రుడికి బొబ్బర్లు, శనికి నువ్వులు, రాహువుకి మినుములు, కేతువుకి ఉలవలు. చూశారా, అందులో జొన్న లేదు, రాగి లేదు, సజ్జ లేదు. ఇక్కడ ఊళ్ళలో తిన్నదంతా జొన్న, పూజలో మాత్రం గోధుమ.
ఇంకోటి. విజయవాడలో ధాన్యం అంటే వడ్లే. "ధాన్యం ధర ఎంత?" అంటే ఎవడూ కందుల ధర చెప్పడు. నవధాన్యంలో ఉన్నది పాత అర్థం, ఏ గింజైనా ధాన్యమే.

నిఘంటువు_పురుగు
అచ్చతెలుగులో గింజలన్నిటికీ కలిపి "కొలుచు" అనేవాళ్ళు. కొలవడం నుంచి వచ్చింది, కొలిచేది కొలుచు. గింజలు కొలిచే కుంచం మీ పేరులోనే ఉంది, అదే సాక్ష్యం, కుంచం గారూ.
"అపరాలు" కూడా ఇలాంటిదే. అపర అంటే తరువాతిది. వరి కోశాక వేసేవి కాబట్టి అపరాలు అన్న అర్థం డెల్టాలో బాగా అతుకుతుంది. తెనాలి, రేపల్లె వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే మినుము చల్లుతారు కదా.

లాం_రోడ్డు
కంది తొలకరిలోనే పడుతుంది, అదీ అపరమే. పల్నాడులో ఈ వ్యుత్పత్తి చెబితే నవ్వుతారు.

నిఘంటువు_పురుగు
మాట ఒక చోట పుట్టి ఇంకో చోటికి నడిచి ఉండొచ్చు కదా. పుట్టిన ఊరు అర్థం ఊరూరా నిలవదు.

పటమట_పిండిమర
కలిపిన గింజకు తెలుగులో పేరు లేదన్నారు. "దాణా" ఏమైంది? ఫారసీలో దానా అంటే గింజ. సంస్కృతంలో ధానా అంటే వేయించిన గింజలు. రెండూ ఒకే తల్లి పిల్లలే. మన దగ్గర దాణా అంటే కలిపిన పశువుల మేపు తప్ప ఇంకోటి కాదు. లెక్క కూడా ఉంది: 100 కిలోలకు మొక్కజొన్న నూక 35, నూనెగింజల చెక్క 30, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. నూనె తియ్యని తవుడైతే నెల తిరక్కముందే ముక్కిపోతుంది, గేదె ముట్టదు. అందుకని ఎక్కువ కలిపి పెట్టుకోకూడదు.
ఫరాగోకి అసలు అర్థం రాయాల్సి వస్తే దాణా అనండి. రెండో అర్థం కావాలంటే కలగాపులగం అనండి.

బెజవాడ_ప్రూఫు
"అబద్ధాల దాణా" అని శీర్షిక పెడితే ఎవరు తింటున్నారో కూడా చెప్పినట్టు ఉంటుంది. బాగుంది గానీ, ఫరాగో పచ్చి మేత, దాణా ఎండు గింజ. సరిపోతుందా?

పటమట_పిండిమర
మీరు అనువదించేది మేతని కాదు, రాజకీయాన్ని. సరిపోతుంది.

కొత్తపేట_వ్యాకరణం
మేతకీ, మనిషి తిండికీ మధ్య గీత మీరనుకున్నంత గట్టిది కాదు. రష్యా నుంచి వచ్చిన నికితిన్ అనే వర్తకుడు 1470 ప్రాంతంలో బీదరులో ఉన్నాడు, అక్కడ గుర్రాలకు శనగలు, వండిన కిచిడీ పెడతారని రాసుకున్నాడు. అంతకు నూరేళ్ళ పైన ముందే మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మన దేశంలో పెసలు, బియ్యం కలిపి ఉడికించి నెయ్యి వేసుకుని పొద్దున్నే తింటారని రాశాడు. ఒకే వంట, ఒకరికి టిఫిను, ఇంకొకరికి దాణా. సంస్కృతంలో దానికి కృసరం అని పేరు, మొదట నువ్వులు, బియ్యం కలిపిన వంట, తర్వాత పప్పు చేరింది. మన ఉలవచారు కథా ఇదే, ఎడ్లకు ఉడకబెట్టిన ఉలవల మీది నీళ్ళు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో మీగడ వేసి వడ్డిస్తున్నారు.

గోంగూర_గుంటూరు
ఎద్దుకి మీగడ వెయ్యలేదు పాపం.

బెజవాడ_ప్రూఫు
"కలగా" సంగతి ఎవరూ తేల్చలేదు.

నిఘంటువు_పురుగు
కల- అనేది కలయడం. కలగలుపు, కలబోత, కలగూర అన్నిట్లోనూ అదే. కలగు అంటే మాత్రం బురద లేచి చెదిరిపోవడం, నీళ్ళు కలగడం, మనసు కలగడం. కలగాపులగంలో ఈ రెండోది వినిపిస్తుంది. పులగంలో పప్పు, బియ్యం కంటికి కనబడతాయి, కలగాపులగంలో ఏదీ కనబడదు.

కొత్తపేట_వ్యాకరణం
అంటే తప్పు పులగానిది కాదు, గరిటెది. ఉడికాక అడుగు దాకా తిప్పితే పప్పు చిదిమి ముద్దైపోతుంది. అందుకే ఒక్క పులగాన్ని ఎవరూ తిట్టుగా వాడరు, ముందు "కలగా" చేర్చాకే అది తిట్టు. ఫరాగోకి ఆ అవసరం రాలేదు, చేలోనే కలగాపులగం కాబట్టి.

మంగళగిరి_చేట
అసలు కొలత ఎవరూ చెప్పలేదు, పులగం గురించి ఇంత మాట్లాడి. మానిక బియ్యానికి తవ్వ పెసరపప్పు. మానికలో తవ్వ సగం, అంటే రెండుకు ఒకటి. పొట్టు పప్పైతే ఇంకా మంచిది, రంగు పచ్చగా, వాసన వేరు. పప్పు దోరగా వేయించాలి, కమ్మటి వాసన రాగానే దించాలి. ఎర్రబడిందా, గింజ గట్టిపడి ఎంతకీ ఉడకదు. పాత బియ్యానికి కొలతకు మూడింతల నీళ్ళు పొయ్యాలి, కొత్త బియ్యానికి రెండున్నర చాలు. ఉప్పు చివర్లో. నీళ్ళు ఇంకుతుండగా మంట తగ్గించి మూత పెట్టి వదిలెయ్యాలి, గరిటె పెట్టకూడదు. భోగి నాడు చాలా ఇళ్ళల్లో ఇదే. మిరియాలు, జీలకర్ర, జీడిపప్పు పడి, నీళ్ళు ఎక్కువై మెత్తగా జారితే అది కట్టెపొంగలి, పులగం కాదు. హోటళ్ళవాళ్ళు రెంటినీ ఒకటి చేశారు.
పులాకం అంటే తాలు అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. చేటలో చెరిగితే తాలు, పొట్టు ముందుకు ఎగిరిపోతాయి. నేమితే నూకలు, సన్నగింజలు ఒక పక్కకు చేరతాయి. చెరగడం, నేమడం ఒకటి కాదు. తాలు నీళ్ళల్లో పోస్తే పైకి తేలుతుంది, అదే ఆఖరి పరీక్ష.

కృష్ణలంక_కుంచం
బియ్యం రెండు, పప్పు ఒకటి. తమాషా ఏంటంటే జొన్న, కంది సాళ్ళు కూడా రెండుకు ఒకటే. తెనాలి గారి మేతా అంతే.

తెనాలి_మినుము
తమాషా అనుకోండి, జ్ఞానం అనుకోకండి. చేలో రెండుకు ఒకటి ఎండ, నీడ లెక్క. పొయ్యి మీద రెండుకు ఒకటి నాలుక లెక్క.

పటమట_పిండిమర
మరకు తెచ్చేవాళ్ళకి ఒక మాట. "మల్టీగ్రెయిన్" అని గోధుమల్లో అన్నీ పోసి తెస్తారు. అయిదు కిలోల గోధుమకు జొన్న, రాగి, శనగ మూడూ కలిపి కిలోంబావు దాటితే రొట్టె విరుగుతుంది, ఆ మూడింట్లోనూ సాగే గుణం లేదు. నువ్వులు, అవిసెలు అసలు కలపొద్దు, రాళ్ళకి నూనె పట్టి గాడులు పూడిపోతాయి, వెనకాల వచ్చేవాడి పిండీ జిడ్డే. విడిగా మిక్సీ పట్టి పిండిలో కలుపుకోండి, 15 రోజుల్లో వాడెయ్యండి. కొన్న ప్యాకెట్టైతే వెనక పదార్థాల వరుస చదవండి, బరువు ఎక్కువున్నది ముందు రాయాలని నిబంధన. మొదట గోధుమ, చివర్లో ఆరు గింజల పేర్లు ఉంటే ఆ ఆరూ మొక్కుబడికే.

గోంగూర_గుంటూరు
మల్టీగ్రెయిన్‌కి తెలుగు "బహుధాన్య" అనొచ్చా?

కృష్ణలంక_కుంచం
అది సంవత్సరం పేరు. 1998 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 2058కి. ప్యాకెట్టు మీద వేస్తే ఎక్స్‌పైరీ డేటు అనుకుంటారు.

బెజవాడ_ప్రూఫు
కలగాపులగమే రాస్తున్నా. మేత అర్థం వచ్చే చోట "కలిపి చల్లిన పచ్చిమేత" అని విడమరిచి రాస్తా, దాణా జోలికి పోను. పులకం మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో చెప్పండి.

మంగళగిరి_చేట
ఫిర్యాదు తర్వాత. వేయించిన పప్పు ఉడకలేదని పక్క చర్చలో ఎవరో అడిగారు, జవాబు ఇక్కడే రాస్తున్నా: బోరు నీళ్ళల్లో కాఠిన్యం ఎక్కువ, పప్పు బిగుసుకుంటుంది. కాచి చల్లార్చి, మీది తేట వంచుకుని ఆ నీళ్ళల్లో వండండి.